బాలింత నాచు

విరగకూడదు, వంగకూడదు, మడత అసలే పడకూడదు, బస్సువాడు కింద సామాన్ల అరలో పెట్టమంటాడు, ససేమిరా అను, నిలబెట్టి రెండు చేతులా పట్టుకుని కూచో, అంటూ మోకాలి ఆపరేషన్ అయిన కాలు చాపుకుని గుమ్మంలోంచి అత్తగారు చెప్పిన మాటలు, బస్సు జిందో దీవిలో ఊరు దాటి ఉల్లికాడల పొలాల్లోకి వచ్చినా హేరిమ్ చెవుల్లో గింగురుమంటూనే ఉన్నాయి. ఊ అంది, సరే అత్తయ్యా అంది, పెద్దకోడలు కదా, అనక చస్తుందా. ఇప్పుడా నాచు కట్ట తన మోకాళ్ళ మధ్య నిలబడి ఉంది, మూడేళ్ళ పిల్లంత ఎత్తున, తెల్లకాగితం చుట్టుకుని, గడ్డితాడుతో మూడుచోట్ల కట్టించుకుని, పైన నల్లటి కొసలు మాత్రం బయటపెట్టుకుని. బస్సంతా సముద్రం వాసన. ముందుసీట్లో పెద్దాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, అది బాలింతకి వండిపెట్టే నాచని గుర్తుపట్టాడు, ఆమె పొట్టకేసి చూశాడు, మర్యాదగా తల తిప్పేసుకున్నాడు. చూడు నాయనా, బాగా చూడు, ఈ పొట్టలో ఏమీ లేదు, ఉన్నదంతా మిరె పొట్టలో ఉంది, మిరె తెల్లవారుజామున నొప్పులొచ్చి మొక్‌పోలో ఆసుపత్రి మంచమెక్కింది, మొక్‌పో ఇక్కడికి గంట ప్రయాణం, ఈ గంటలో ఈ కట్ట విరక్కుండా చేరిస్తే మిరెకి సుఖంగా కాన్పవుతుంది, విరిగితే ఏమవుతుందో ఎవరూ నోటితో అనరు. కొనేవాళ్ళు బేరమాడరు, అమ్మేవాళ్ళు మడవరు, మోసేవాళ్ళు వంచరు. అంత నమ్మకంగా తీసుకెళ్ళి దాన్ని పెట్టింది ఎవరి చేతుల్లో? నా చేతుల్లో, అనుకుంది హేరిమ్, ఈ లోకంలో మిరెని చూసి నాకన్నా ఎక్కువ ఏడ్చేది ఇంకెవరని.

ఏడుపే. దానికి ఇంకో పేరు పెట్టడం ఎందుకు? మరిది గీజున్‌కి పోయిన ఏడాది నవంబర్లో పెళ్ళయింది, పెళ్ళికూతురు మిరె తనకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది, బుగ్గలు నొక్కితే పాలు కారేలా ఉంటుంది, అక్కా అక్కా అంటూ వెనకాలే తిరుగుతుంది, గిన్నెలు తోముతుంది, చెడ్డపిల్ల కాదు, అదే వచ్చిన గొడవ, చెడ్డపిల్లయితే హాయిగా తిట్టుకునేది. మూడు నెలలు తిరక్కుండా నెల తప్పింది. తప్పాక మొదలైంది ఆ మాట, అక్కా, మీకు తెలీదు గానీ. మీకు తెలీదు గానీ అక్కా, అన్నం ఉడికే వాసనకే కడుపులో తిప్పేస్తుంది. మీకు తెలీదు గానీ అక్కా, వీడు లోపల తంతుంటే పడుకోనివ్వడు. ఏ నెలకా నెల స్కానింగ్ ఫొటో ఇంటివాళ్ళందరూ ఉన్న ఫోన్ గ్రూపులో పెట్టేది, అత్తగారు కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని వేలితో పొడిచి పొడిచి చిందులేసే కుందేలు బొమ్మలు పంపేది, ఒకటి కాదు, పదేసి, సముద్రంలో పడవమీదున్న హేరిమ్ మొగుడు గీహో కూడా అక్కణ్ణించే బొటనవేలు ఎత్తి చూపేవాడు. హేరిమ్ కూడా పంపేది కుందేలు. పంపి ఫోన్ బోర్లించి, తను పనికెళ్ళే నాచు షెడ్డులో ట్రేలు అంత గట్టిగా ఎందుకు పెడుతున్నావమ్మా అని మేస్త్రీ అడిగేదాకా పని చేసేది. నాకు తెలీదు. అవును, నాకేం తెలుసు. నాలుగో నెలదాకా తెలిసింది, ఆ తర్వాతది తెలీదు.

తనకీ ఒక కట్ట కొన్నారు. అది మిరెకి ఎవరూ చెప్పి ఉండరు. రెండేళ్ళ క్రితం, మూడో నెల నిండిందో లేదో, అత్తగారికి ఆగడం చేతకాక, ఎనిమిదో నెల వచ్చాక కొనాల్సింది ముందే వెళ్ళి, అవతలి దీవి రాళ్ళమీద కోసిన పెద్దరకం నాచు తెచ్చి, సామాన్ల గదిలో పైమేకుకి తగిలించింది. మొదటి మనవడు కదే, అంది, ఆ అనడంలో పన్నులేని చోట గాలి పోయింది, ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు బాగా గుర్తు. పదహారో వారంలో గుండె కొట్టుకోవడం ఆగిపోయిందన్నారు. ఆసుపత్రినుంచి వచ్చాక అత్తగారు బాగానే చూసింది, అబద్ధం ఎందుకు, నత్తమాంసం వేసి గంజి కాచి తినిపించింది, చన్నీళ్ళు ముట్టనివ్వలేదు. నాచు చారు మాత్రం చెయ్యలేదు. అడగాలా? అడిగితే ఏమనుకుంటుంది? నాలుగోరోజు తనే నోరు విడిచి, అత్తయ్యా, కాస్త నాచు చారు తాగాలనుందండీ, అంది. అత్తగారు గంజి గరిటె పట్టుకుని అటు తిరిగే చెప్పింది, అది కాన్పయినవాళ్ళకి కదమ్మా, అది అట్లా మేకుకి ఉండనీ, మళ్ళీ పనికొస్తుంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, మర్చిపోవచ్చు.

మర్నాడు అత్తగారు ముసలాళ్ళ క్లబ్బుకి వెళ్ళగానే హేరిమ్ స్టూలు వేసుకుని ఎక్కి, వంటింటి కత్తెరతో ఆ కట్టలోంచి అరచెయ్యంత ముక్క కత్తిరించింది. టప్పుమంది. నానబెట్టింది, నువ్వుల నూనెలో వేయించింది, నీళ్ళు పోసి మరిగించింది, ఒక్కతే గట్టుమీద నిలబడి గిన్నెడు తాగింది, ఎవరూ వండిపెట్టని చారు తనకి తనే వండిపెట్టుకుని బాలింత అయింది. ఆ రోజు మొదలు రోజూ. మూడు నెలల్లో మేకు బోసిపోయింది, అత్తగారు ఒకరోజు మేకుని చూసింది, తన మొహం చూసింది, ఏమీ అనకుండా అల్లం తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత షెడ్డులోంచి తెచ్చుకుంది, చారు నీళ్ళకి ఇంకో రకం దళసరి నాచు వేసి మరగబెట్టేది, పనిలో ఉంటే అదే నాచు ముక్కలు జేబులో వేసుకుని వక్కపొడిలా నమిలేది. నీకు నాచు పిచ్చి పట్టిందే, అని గీహో పడవ దిగి ఇంటికొచ్చినప్పుడల్లా నవ్వేవాడు. మిరె పెళ్ళయివచ్చాక రోజుకి రెండు గిన్నెలు. మిరె నెల తప్పాక మూడు. నువ్వు రేపెప్పుడో తింటావు, నేనివాళే తింటున్నాను చూడు, అన్నట్టు తినేది. ఎవరితో పోటీ? ఆ పిల్లకి పోటీ జరుగుతోందనే తెలీదు.

బస్సు మలుపు తిరిగింది, కట్ట పక్కకి ఒరిగింది, రెండు చేతులా పట్టి గుండెకి ఆనించుకుంది. ఆనగానే చొక్కా లోపల సలపరం. ఇదొకటి. ఇదే అసలుది. ఫిబ్రవరి నుంచి ఉంది ఇది, ఎవరికీ తెలీదు, ఇన్నాళ్ళూ తనకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి. ఫిబ్రవరిలో నెల తప్పింది. రెండేళ్ళుగా ఏనాడూ తప్పనిది తప్పింది. రొమ్ములు బరువెక్కాయి, ముట్టుకుంటే నొప్పి. ఆ వారంలోనే కల వచ్చింది, సముద్రం ఒడ్డున గుల్లలు ఏరుకుంటుంటే చెయ్యంత ఎర్రచేప నీళ్ళలోంచి ఎగిరి తన లంగా ఒళ్ళో పడి తోక కొట్టింది, వదలకుండా ఒడి మూసి పట్టుకుంది, లేచేసరికి నిజంగానే దుప్పటి రెండు పిడికిళ్ళలో ఉంది. బిడ్డ వచ్చేముందు ఇంట్లో ఎవరికో ఒకరికి కల వస్తుంది, అందరికీ తెలిసిందే, తల్లికే రానక్కర్లేదు, అత్తకి రావచ్చు, పిన్నికి రావచ్చు. కానీ ఇది నాది, నా ఒళ్ళో పడింది, నాకు తడి తెలిసింది. నోరు మెదపలేదు, తొందరపడి చెబితే పోతుందని. మందుల షాపులో పరీక్ష పుల్ల కొనుక్కుంది. ఒకటే గీత. రెండోది ఎక్కడైనా లేతగా ఉందేమోనని కిటికీ దగ్గర పెట్టి, దీపం దగ్గర పెట్టి చూసింది, ఒకటే గీత. వారం ఆగి ఇంకోటి, మళ్ళీ ఒకటే. ఆ మరుసటి ఆదివారం గీజున్, మిరె చేతిలో చెయ్యి వేసుకుని వచ్చి సంగతి చెప్పారు. అత్తగారు చప్పట్లు కొట్టి, అయితే కల ఎవరికి వచ్చింది, చెప్పరేం, ఎవరికో వచ్చే ఉంటుంది, అని అందరి మొహాలూ చూసింది. హేరిమ్ కూర మాడిపోతోందని లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో నిలబడి, దొంగముండా, అంది. చేపనో, మిరెనో, ఆ పైనున్నవాణ్ణో, ఎవర్ని అందో తనకే తెలీదు. ఆ సాయంత్రం స్నానంలో పాలు కనిపించాయి. రెండు చుక్కలు, తెల్లగా, నిజంపాలు. బిడ్డ లేదు, కడుపు లేదు, పాలు ఉన్నాయి. భయం వేసిందా? ముందు గర్వం వేసింది. ఎవరైనా నవ్విపోతారు గానీ, అక్షరాలా గర్వం. నీ కడుపు నువ్వు చూపించుకోవే మిరె, ఇది నీకింకా లేదు.

ఎనిమిది నెలలు ఆ రెండు చుక్కల్నీ దాచుకుంది, గుడ్డలు మడిచి లోపల పెట్టుకుంది, గీహో అటు చెయ్యి వేస్తే నెప్పి అంది. మొన్న కోతల పండక్కి ఇంటినిండా చుట్టాలున్నప్పుడు ఎవరిదో పసిపిల్ల కేరుమంది, అంతే, చొక్కా రెండువైపులా తడిసిపోయింది, చారు ఒలికిందని చెప్పి పెరట్లోకి పరిగెత్తింది. అప్పుడు భయం వేసింది. మొక్‌పోలో డాక్టరమ్మ దగ్గరికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి, పాలన్నా చంటిపిల్లన్నా మొహంలో ఏ మార్పూ లేకుండా రాసుకునే మనిషి. రక్తం తీశారు, తలకి ఫొటో తీశారు, తలలో గడ్డ ఏమీ లేదన్నారు. మీరు సముద్రపు నాచు ఎంత తింటారు, అని అడిగింది. అందరిలాగే, అంది హేరిమ్. పోయిన గురువారం రిపోర్టులు ముందు పెట్టుకుని ఆవిడ మళ్ళీ అదే అడిగింది, ఎంత తింటారు, ఈసారి నిజం చెప్పండి. చెప్పింది. మూడు పూటలా, జేబులో వేసుకుని కూడా. ఆవిడ పెన్ను కింద పెట్టింది. పాత కవరు వెనక ఒక బొమ్మ గీసింది, మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి, మెడ దగ్గర ఇంకో గ్రంథి. నాచులో ఉండే అయోడిన్ అతిగా పడి మెడలో ఉన్నది మందగించింది, దాన్ని లేపుదామని పైనుంచి అదేపనిగా తలుపు బాదుతున్నారు, ఆ బాదుడికి పక్కగదిలో ఉన్నది కూడా లేచి కూచుంది. దాని పేరు ప్రొలాక్టిన్. దాని పని ఒకటే, పాలు తెప్పించడం. బిడ్డ పాలు తాగుతున్నంతకాలం ఇంకో బిడ్డ రాకుండా చూడటం కూడా దాని పనే, అందుకే నెల ఆపేస్తుంది, గుడ్డు విడుదల కానివ్వదు. మీ ఒంటిదేం తప్పులేదమ్మా, అంది, మీ ఒళ్ళు మీకు చంటిబిడ్డ ఉందనుకుంటోంది, అంతే.

ఆ మాట దగ్గర హేరిమ్ ప్రాణం ఆగిపోయింది. ఒంటికి తెలుసన్నమాట. అత్తగారికి తెలీలేదు, గీహోకి తెలీలేదు, ఒంటికి తెలిసింది, నాకు బిడ్డ ఉందని. డాక్టరమ్మ చెప్పుకుపోతోంది, మూడు నెలలు నాచు ఏ రూపంలోనూ ముట్టకండి, చారు కాదు, పొడి కాదు, రుచి కూడా చూడొద్దు, మందులు అవసరమే పడకపోవచ్చు, పాలు ఆగిపోతాయి, నెల మళ్ళీ వస్తుంది, మీ వయసుకి బిడ్డ కలగకపోవడానికి నాకు ఇంకే కారణమూ కనబడటంలేదు. ఇంకొకతె అయితే ఎగిరి గంతేసేది. హేరిమ్ మాత్రం పాలు ఆగిపోతాయి అన్నదొక్కటే పట్టుకుని ఇంటికొచ్చింది. ఆగిపోతే ఇంక నా దగ్గర ఏముంటుంది? రేపు బిడ్డ వస్తుందో రాదో, ఉన్నదాన్ని ఎండగట్టుకుని కూచోమంటావా? గురువారం రాత్రి చారు తాగింది. శుక్రవారం తాగింది. ఇవాళ పొద్దున్న కూడా, ఈ కట్ట ఎత్తుకోబోయే ముందు, నిలబడి, గిన్నెడు.

వంతెన వచ్చింది. కింద జలసంధిలో నీళ్ళు ఎప్పట్లాగే సుళ్ళు తిరుగుతూ రొద చేస్తున్నాయి. బొటనవేలు ఎప్పుడు వెళ్ళిందో కాగితం కిందికి వెళ్ళింది, పైన బయటికి వచ్చిన నల్లటి కొసల్లో ఒకదాన్ని పట్టుకుంది. ఎంత ఎండిపోయి ఉందో, గాజుముక్కలా. ఒక్క వేలెడు. ఇరవై ఆకుల్లో ఒక్క ఆకు కొస. ఎవరు లెక్కపెడతారు? మిరె అక్కడ అరుస్తూ ఉంటుంది, గీజున్ చెయ్యి పట్టుకుని ఉంటుంది, అక్కా మీకు తెలీదు గానీ అని చెప్పడానికి కొత్తవి ఎన్నో పోగేసుకుంటూ ఉంటుంది, రేపట్నుంచి పాలు కూడా వస్తాయి, అదొక్కటీ మిగిలింది, అదీ తీసేసుకుంటుంది. కొసని వంచింది. ఇంకొంచెం వంచింది. విరిగితే కీడన్న నమ్మకం ఉందా నీకు, అని తనని తను అడిగింది, ఇది విరిగితే ఆ పిల్లకి ఏమైనా అవుతుందని నువ్వు నిజంగా నమ్ముతున్నావా? నమ్మకపోతే ఎందుకు విరుస్తున్నావు? అప్పుడే వంతెన అవతల ఊళ్ళో బస్సు ఆగింది, గుడ్డ కట్టిన పెద్ద బేసిను ఎత్తుకుని ఒక అవ్వ ఎక్కి, పక్కసీట్లో చతికిలబడి, అయ్యో, చెయ్యి తియ్యి తల్లీ, కొస విరుగుతుంది, అంది. హేరిమ్ వేడి గిన్నె ముట్టుకున్నదానిలా చెయ్యి లాక్కుంది.

ఫోన్ మోగింది. గీజున్ వీడియో పంపాడు. వేలు తగిలేసరికే గొంతు బస్సంతా వినిపించింది, ఆపుదామంటే దొరకలేదు, ఎర్రటి మొహం, మూసిన పిడికిళ్ళు, కేరుమని ఒకటే ఏడుపు, వెనకనుంచి గీజున్ ఏడుస్తూ నవ్వుతూ, వదినా, ఆడపిల్ల, ఇద్దరూ బావున్నారు, అంటున్నాడు. ఇద్దరూ బావున్నారు. అయితే అయిపోయింది. ఇప్పుడు ఈ కట్టని మోకాలికేసి రెండు ముక్కలు చేసినా ఎవరికీ ఏమీ కాదు. చేజారిపోయింది అనే ఒక దిక్కుమాలిన ఆలోచన, హమ్మయ్య అనే ఇంకో ఆలోచన, రెండూ ఒక్కసారే వచ్చాయి, ఏది ముందో చెప్పమంటే చెప్పలేదు. ఆ వెనకాలే పాలు. సూదులు గుచ్చినట్టయి, గుడ్డల్ని దాటుకుని, బూడిదరంగు చొక్కామీద అరచెయ్యంత మచ్చ. చెయ్యి అడ్డం పెట్టుకుందామంటే రెండు చేతులూ కట్టమీద ఉన్నాయి. అవ్వ ఫోన్‌కేసి చూడలేదు, మచ్చకేసి చూసింది, మొహం విప్పారింది.

"పిల్ల గొంతు వినగానే వచ్చేస్తాయి తల్లీ, ఎక్కడున్నా అంతే. నాకూ బజార్లో తడిసిపోయేది," అంది. "ఎన్నాళ్ళ పిల్ల?"

"ఇరవై రోజులు," అంది హేరిమ్. ఎక్కణ్ణించి వచ్చిందో ఆ అంకె. నోరు దానంతటదే చెప్పింది.

"ఆడా, మగా?"

"ఆడపిల్ల. వేళ్ళు పొడుగు. వాళ్ళ నాన్న పోలిక." ఇంక ఆగలేదు. పాలు బాగా తాగుతుందండీ, పగలంతా నిద్ర, రాత్రి ఆటలు, మా అత్తగారు ఒక్క క్షణం కింద పెట్టనివ్వదు, అని చెప్పుకుపోయింది, చెబుతున్నకొద్దీ ఎంత హాయిగా ఉందో, ఎండలో వీపు పెట్టినట్టు. ఇంత సులువా? ఈ ఒక్క బస్సులో, ఈ ఒక్క సీట్లో తను తల్లి, మిరె ఎవరో కూడా అవ్వకి తెలీదు. అవ్వ తలూపుతూ వింది. పిల్లని ఎవరి దగ్గర వదిలావంటే, మా తోడికోడలు చూసుకుంటోంది, అంది, అది అంటున్నప్పుడు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. వింటూ వింటూ అవ్వ చెయ్యి చాపి కట్టమీద వేసింది, గడ్డితాడు ముడిని తడిమింది, పైన కొసల్ని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టింది. కళ్ళు చిన్నవయ్యాయి.

"ఇరవై రోజులైందంటావు," అంది మెల్లిగా, "మరి ఇందులో ఒక్క ముక్కా తెగలేదేం?"

హేరిమ్ కట్టకేసి చూసింది. అవును. ఏ తిక్కది ఈ అబద్ధం ఆడుతుంది? కాన్పయిన రోజే తాడు విప్పుతారు, ఆ రోజే మొదటి ముక్క తెగుతుంది, ఇరవై రోజులకి కట్టలో నాలుగాకులు మిగిలితే ఎక్కువ. ఈ తీరంలో పుట్టిన ఏ ఆడదానికి తెలీదు? తెగని కట్టంటే ఇంకా కాన్పు కాలేదని. లేకపోతే. అవ్వ ఆమె పొట్టకేసి చూసింది, మచ్చకేసి చూసింది, కట్టకేసి చూసింది, ముసలావిడ చూపు ఎక్కడెక్కడ ఆగుతోందో హేరిమ్‌కి తెలుస్తోంది, ఆపే దారి లేదు. ఇప్పుడు తిడుతుంది, నోటితో ఆడుకునే మాటలా ఇవి అంటుంది, అనుకుంది. అవ్వ తిట్టలేదు. తన గరుకు చెయ్యి తెచ్చి ఆమె చేతిమీద వేసింది.

"వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది," అంది హేరిమ్. "రెండేళ్ళయింది. ఆడో మగో నాకు తెలీదు. ఇది మా తోడికోడలికి తీసుకెళ్తున్నాను. ఇప్పుడే పుట్టింది. ఆ ఏడ్చింది వాళ్ళ పిల్ల."

అవ్వ ఆమె చెయ్యి వదల్లేదు. రెండేళ్ళయితే ఈ తడి ఏమిటని అడగలేదు. కిటికీలోంచి పిల్లలు లేని బడి, టైర్ల షాపు, కొత్త అపార్టుమెంట్లు వెనక్కి పోతున్నాయి, ఇంక ఊరు దగ్గరికి వచ్చేసింది. అప్పుడడిగింది, "మరి నీకెవరు వండిపెట్టారు చారు?"

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. గీహో అడగలేదు, కన్నతల్లి ఫోన్లో అడగలేదు. హేరిమ్‌కి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి, ముక్కు ఎగబీల్చింది. "ఎవరూ పెట్టలేదు అవ్వా. నేనే వండుకుని తిన్నాను."

"ఎన్నాళ్ళు తిన్నావు?"

"ఇవాళ పొద్దుటిదాకా."

అవ్వ అదిరిపడుతుందనుకుంది. ఆవిడ ఒళ్ళోని బేసిను సర్దుకుని, ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పేంత మామూలుగా అంది, "మూడు వారాలే తినేది తల్లీ. నేను నలుగుర్ని కన్నాను, ఒకణ్ణి పోగొట్టుకున్నాను, అయిదుసార్లూ మూడు వారాలే తిన్నాను. తర్వాత లేచి పనిలోకి దిగాలి. నువ్వు అక్కడే పడుకుండిపోయావు."

పడుకుండిపోయానా. పురిటి ఇల్లని తెలిసేలా గుమ్మానికి గడ్డితాడు తోరణం కట్టుకుని, లోపలికి ఎవర్నీ రానివ్వకుండా, రెండేళ్ళు పురిటిమంచంమీదే పడుకుని ఉన్నానా. డాక్టరమ్మ ఇదే చెప్పింది, కవరుమీద బొమ్మ గీసి మరీ చెప్పింది, ఎక్కలేదు. ఒంటికి బిడ్డ ఉందని తెలుసనుకుంది ఇన్నాళ్ళూ. ఒంటికేం తెలుసు పాపం, రోజూ మూడు గిన్నెలు పోసి నేను చెప్పిన అబద్ధమే అది నమ్మింది, నమ్మి పాలిచ్చింది, ఆ బిడ్డకోసం ఇంకో బిడ్డకి తలుపు వేసింది. మిరె నా దగ్గర ఏదీ తీసుకోలేదు. ఈ మాట అనుకోవడానికి ఎంత కష్టంగా ఉందో. అనుకుంది, అయినా ఏడుపు పోలేదు, ఉంది, కడుపులో అట్లాగే ఉంది, వేళ్ళు పొడుగు అని చెప్పిన ఆ పిల్ల కూడా ఉంది.

మొక్‌పో స్టాండులో అవ్వ ముందు దిగింది, వెనక్కి తిరిగి చూడలేదు, బేసిను నెత్తికెత్తుకుని జనంలో కలిసిపోయింది. హేరిమ్ కట్టని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, ఎవరికీ తగలకుండా, ఒక్కొక్క మెట్టూ దిగింది. చొక్కామీద మచ్చ అందరికీ కనబడుతోంది. చేతులు ఖాళీ లేవు, ఏం చేస్తుంది? కనబడనీ. గీజున్ పరిగెత్తుకుంటూ వచ్చాడు, జుట్టు చెదిరి, చొక్కా బొత్తాములు తప్పు పెట్టుకుని, వదినా అని కట్ట అందుకుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. కొసల్ని చూశాడు. ఒక కొస కొంచెం వంగి ఉంది, విరగలేదు. మచ్చ చూసి కళ్ళు పక్కకి తిప్పుకుని, వెంటనే మాటల్లో పడ్డాడు.

"అమ్మ ఫోన్ చేసింది వదినా, మొదటి గిన్నె మీ చేతులమీదుగానే వండాలిట. వాళ్ళమ్మ వండుతానన్నా మిరె వద్దంది. అక్క చేత్తోనే కావాలంటోంది."

"వండుతాను. ఉప్పు మాత్రం నువ్వు చూడాలి."

"నేనా? నాకేం తెలుసు వదినా ఉప్పు?"

"నేను రుచి చూడకూడదు. డాక్టరు నాచు మానెయ్యమంది," అంది హేరిమ్. మొదటిసారి ఇంటిమనిషితో చెప్పిన మాట అది, ఇంతేనా అనిపించింది. "నా మూడు వారాలూ అయిపోయాయి."

అతనికి అర్థం కాలేదు, అర్థం కానందుకు నవ్వాడు. టాక్సీలో కట్టని ముందుసీటుకి ఆనించి నిలబెట్టి, ఇద్దరూ వెనక కూచున్నాక, ఫోన్లో పిల్ల ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ, అమ్మ ఇంకా బాధపడుతోంది వదినా, అన్నాడు, ఈ పిల్లకి కల ఎవరికీ రాలేదట, ఇంట్లో ఎవరికో వచ్చే ఉంటుంది, మర్చిపోయి ఉంటారు అంటోంది, మీకేమైనా వచ్చిందా?

ఎర్రచేప తోక కొట్టింది. లంగా తడి తగిలింది. ఫొటోలో పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది, అచ్చం మిరె బుగ్గలు, వేళ్ళు పొట్టి. కట్ట ఇచ్చింది, వండిపెడుతుంది, ఎత్తుకోమంటే ఎత్తుకుంటుంది కూడా. అన్నీ ఇచ్చేస్తే ఎట్లా? మూడు నెలలు, అంది డాక్టరమ్మ.

"నాకేం రాలేదు," అంది హేరిమ్, చొక్కా అంచుని ఒళ్ళో రెండు చేతులా మూసి పట్టుకుని.